ట్రాక్ మీద బిడ్డ, గీత బయట మనం
అథ్లెటిక్స్ సీజన్‌కు ముందు తల్లిదండ్రులు, కోచ్, పిల్లలు మాట్లాడుకోవలసిన విషయాలు



పోయిన సీజన్‌లో ఒక మీట్‌లో మేం కళ్ళారా చూసిన సంగతి ఇది. ఎనిమిదో తరగతి అమ్మాయి 200 మీటర్ల ఫైనల్లో నాలుగో స్థానంలో వచ్చింది. మెడల్ రాలేదు. కానీ అంతవరకు తనకున్న మంచి టైమ్ కంటే దాదాపు అర సెకను తగ్గించింది. టైమ్ తెలుసుకుని, నవ్వుకుంటూ, స్పైక్స్ చేతిలో పట్టుకుని గ్యాలరీ వైపు వచ్చింది. వాళ్ళ నాన్నగారు అడిగిన మొదటి మాట: "మూడో ప్లేస్ వచ్చిన అమ్మాయి ఏ స్కూల్?"

పాప ముఖంలో నవ్వు అక్కడితో ఆగిపోయింది.

ఆ తండ్రిని తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. నెలల తరబడి తెల్లవారుజామునే లేచి, పాపను బండి మీద గ్రౌండ్‌కు తీసుకొచ్చిన మనిషి ఆయన. ఆ ప్రేమలో లోటు లేదు. అయితే ఆ క్షణంలో పాప తెచ్చిన ఫలితం ఒకటి, ఆయన ఎదురుచూసిన ఫలితం మరొకటి. పిల్లల ఆటల్లో వచ్చే బాధల్లో చాలావరకు ఇక్కడే పుడతాయి. ఎవరి నుంచి ఏమి ఆశించాలో ముందుగా మాట్లాడుకుంటే వాటిలో సగం రావు. ఈ నెల పాఠం అదే.

ఫీజుకు వచ్చేది ఏమిటి?

కోచింగ్‌కు ఫీజు కట్టిన తర్వాత "మెడల్ ఎప్పుడు?" అని అడగాలనిపించడం సహజం. సూటిగా చెబుతున్నాం. ఫీజుకు వచ్చేవి శిక్షణ, భద్రత, పోటీల్లో పాల్గొనే అవకాశం. మెడల్ రాదు. ఎనిమిది లేన్లలో ఎనిమిది మంది పిల్లలు పరిగెడితే ముగ్గురికే మెడల్స్. మిగిలిన ఐదుగురూ కష్టపడనివాళ్ళేం కాదు.

పన్నెండు, పదమూడేళ్ళ వయసులో గెలుపు గురించి మరో సంగతి తెలుసుకోవాలి. ఎత్తు వేగంగా పెరిగే దశ ఆడపిల్లల్లో సుమారు 11, 12 ఏళ్ళకు, మగపిల్లల్లో సుమారు 13, 14 ఏళ్ళకు వస్తుంది. కొందరిలో ఏడాది రెండేళ్ళు ముందు, కొందరిలో అంతే ఆలస్యం. అండర్-14 పోటీలో గెలిచిన పిల్లవాడు చాలాసార్లు ముందుగా ఎదిగినవాడు మాత్రమే. మూడేళ్ళ తర్వాత మిగిలినవాళ్ళూ ఎదుగుతారు, తేడా కరిగిపోతుంది. అప్పుడు "మావాడు చిన్నప్పుడు ఫస్ట్ వచ్చేవాడండీ" అని బాధపడే ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. అలాగే 13, 14 ఏళ్ళ వయసులో శరీరం మారుతున్నప్పుడు కొందరు ఆడపిల్లల టైమ్ ఒక సీజన్ పాటు ముందుకు కదలదు, కొద్దిగా వెనక్కి కూడా పోవచ్చు. అది బద్ధకం కాదు, కోచ్ చేతకానితనమూ కాదు. ఆ సీజన్‌ను ఓపికగా దాటించిన ఇంటి పిల్లలే పదిహేడేళ్ళకూ ట్రాక్ మీద కనిపిస్తారు.

పిల్లలు చేయవలసింది

టైమ్‌కు రావడం. వార్మప్ ఎగ్గొట్టకపోవడం. నొప్పి ఉంటే దాచకుండా చెప్పడం. తోటి పిల్లల్ని, అవతలి స్కూల్ పిల్లల్ని, అధికారుల్ని గౌరవించడం. తన బ్యాగ్ తాను సర్దుకోవడం.

చివరిది చిన్న పనిలా కనిపిస్తుంది. కానీ స్పైక్స్, వాటర్ బాటిల్, తువ్వాలు, సేఫ్టీ పిన్నులు అమ్మ సర్దినంతకాలం ఆట అమ్మదే అవుతుంది. పదేళ్ళు దాటిన పిల్లలు తమ బ్యాగ్ తామే సర్దుకోవాలి. ఒకరోజు సాక్సులు మరిచిపోతే ఇబ్బంది పడతారు, రెండోసారి మరిచిపోరు. ఒంట్లో బాగోక రాలేకపోతే ఆ మాట కోచ్ సార్‌కు తామే చెప్పడం కూడా నేర్పండి. తరవాత మీరు ఫోన్‌లో నిర్ధారిస్తే చాలు.

కోచ్ చేయవలసింది

పిల్లల్ని చిన్న సైజు పెద్దవాళ్ళుగా చూడని కోచ్ మంచి కోచ్. అథ్లెటిక్స్ నియమాల్లోనే ఈ నీతి ఉంది. పురుషుల షాట్‌పుట్ గుండు బరువు 7.26 కిలోలు. అండర్-20 కుర్రవాళ్ళకు అది 6 కిలోలు, అండర్-18లో 5 కిలోలు. మహిళలకు 4 కిలోలు, అండర్-18 అమ్మాయిలకు 3 కిలోలు. మహిళల 100 మీటర్ల హర్డిల్స్‌లో అడ్డు ఎత్తు 83.8 సెంటీమీటర్లు, అండర్-18లో 76.2 సెంటీమీటర్లే. ఆటే వయసును బట్టి బరువు తగ్గించినప్పుడు, పెద్దల ప్రాక్టీసు షెడ్యూల్‌ను పన్నెండేళ్ళ పిల్లల మీద పెట్టడం న్యాయం కాదు.

అందుకే చిన్న తరగతుల పిల్లలతో మేం ఒక్క పరుగే చేయించం. గెంతడం, విసరడం, హర్డిల్స్ దాటడం, రిలే అన్నీ చేయిస్తాం. "మావాడు 100 మీటర్ల రన్నర్ సార్, లాంగ్‌జంప్ ఎందుకు?" అని అడిగే తల్లిదండ్రులు ఉన్నారు. ఆ వయసులో ఎవరు ఏ ఈవెంట్‌కు సరిపోతారో ఇంకా తేలదు. అన్నీ చేసిన శరీరానికి ఒకే చోట పదే పదే ఒత్తిడి పడదు.

విశ్రాంతి విషయంలో పిల్లల వైద్యులు చెప్పే కొండగుర్తు సులువైనది. ఒక ఆటలో వారానికి చేసే ప్రాక్టీసు గంటలు బిడ్డ వయసును మించకూడదు. పన్నెండేళ్ళ పాపకు పన్నెండు గంటలే గరిష్ఠం. వారంలో ఒకటి రెండు రోజులు పూర్తి విశ్రాంతి ఉండాలి. ఏడాదిలో రెండు మూడు నెలలు ఆ ఆటకు విరామం ఇవ్వాలి. మన ఎండలకు వేసవిలో ప్రాక్టీసు తెల్లవారుజామున పెట్టడం, మధ్యలో నీళ్ళ విరామం ఇవ్వడం కూడా కోచ్ బాధ్యతే. ఇవి జరగడం లేదనిపిస్తే అడగండి. ఇది మీ హక్కు.

తల్లిదండ్రులు చేయవలసింది

మీ పని ఇంట్లో ఉంది, అది కోచ్ పని కంటే పెద్దది.

నిద్ర: ఆరు నుంచి పన్నెండేళ్ళ పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటలు, టీనేజ్ పిల్లలకు 8 నుంచి 10 గంటలు కావాలి. ఉదయం ఐదింటికి లేవాలంటే రాత్రి పదకొండింటి వరకు ట్యూషన్ కుదరదు. రెంటిలో ఒకటి తగ్గించాల్సిందే.

తిండి: ఖరీదైన డబ్బాల పొడులు అక్కర్లేదు. ప్రాక్టీసుకు ముందు ఒక అరటిపండు, తర్వాత ఇడ్లీతో పాటు గుడ్డు, లేదా రాగిజావతో పాటు వేరుశనగ పట్టి. మధ్యాహ్నం అన్నం, పప్పు, ఆకుకూర, పెరుగు. ఇంటి వంటే సరిపోతుంది, అయితే కడుపునిండా తినాలి. పరిగెత్తే పిల్లలు తిండి తగ్గించకూడదు. ముఖ్యంగా ఆడపిల్లల బరువు గురించి ఇంట్లో ఎగతాళి మాటలు వద్దు. నెలసరి గురించి అమ్మలు పాపతో దాపరికం లేకుండా మాట్లాడండి. మొదలైన తర్వాత వరుసగా మూడు నెలలు రాకపోతే "రన్నింగ్ చేస్తోంది కదా, మామూలే" అనుకోవద్దు, డాక్టర్‌కు చూపించండి.

నొప్పి: ఎదిగే వయసులో మోకాలి చిప్ప కింద, మడమ వెనుక నొప్పి రావడం తరచూ చూస్తాం. కుంటుతున్న బిడ్డ పరిగెత్తకూడదు. స్ప్రే కొట్టి, క్రేప్ బ్యాండేజ్ చుట్టి "ఈ ఒక్క మీట్ అయిపోనీ" అనడం ప్రమాదం. మీట్ మళ్ళీ వస్తుంది.

మౌనం: ప్రాక్టీసు జరుగుతున్నప్పుడు గీత బయట నుంచి "చేతులు ఊపు, మోకాలు ఎత్తు" అని అరవకండి. కోచ్ ఒకటి, నాన్న ఒకటి చెబితే బిడ్డ ఎవరి మాటా వినలేదు. సూచన ఉంటే ప్రాక్టీసు అయ్యాక కోచ్‌తో విడిగా, బిడ్డ లేనప్పుడు మాట్లాడండి. ఇంట్లో యూట్యూబ్ చూసి అదనపు ట్రైనింగ్ ఇవ్వడం, కోచ్‌కు తెలియకుండా మరో కోచ్ దగ్గరకు పంపడం మంచిది కాదు. ఇద్దరూ కలిసి బిడ్డ మీద మోపిన భారం ఎంతో ఇద్దరికీ తెలియకుండా పోతుంది.

గడియారం చెప్పేది, చెప్పనిది

ఫలితం గురించి మన పిల్లలకు చెప్పదగిన కథ మన విశాఖపట్నంలోనే ఉంది. జ్యోతి యర్రాజి తండ్రి సెక్యూరిటీ గార్డు, తల్లి ఇళ్ళలో పనిచేసేవారు. స్కూల్లో మొదలైన ఆమె పరుగు 100 మీటర్ల హర్డిల్స్‌కు చేరింది. ఆ ఈవెంట్‌లో జాతీయ రికార్డు 13.38 సెకన్లు, 2002 నుంచి అనురాధ బిస్వాల్ పేరిట ఉండేది. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్ ఫెడరేషన్ కప్‌లో జ్యోతి 13.09 సెకన్లలో గెలిచారు. రికార్డు బద్దలైనట్టే. కానీ రికార్డుల పుస్తకంలోకి ఎక్కలేదు. వెనుక నుంచి వీచే గాలి సెకనుకు 2.0 మీటర్లు మించకూడదన్నది నియమం. ఆ రోజు గాలి 2.1.

ఆ అథ్లెట్ మన బిడ్డే అయితే కారులో ఇంటికి వెళ్తూ ఏం మాట్లాడేవాళ్ళం? గాలిని తిట్టేవాళ్ళమా, అధికారులను తిట్టేవాళ్ళమా? జ్యోతి మళ్ళీ ప్రాక్టీసుకు వెళ్ళారు. మే 10న సైప్రస్‌లోని లిమసోల్‌లో 13.23 సెకన్లతో రికార్డు సాధించారు. ఏప్రిల్ నాటి 13.09 కంటే అది ఎక్కువ టైమే, కానీ నియమం ప్రకారం చెల్లింది. 2023లో బ్యాంకాక్ ఆసియా చాంపియన్‌షిప్స్‌లో స్వర్ణం గెలిచిన టైమ్ ఎంతో తెలుసా? సరిగ్గా 13.09. అదే ఏడాది హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 12.91తో రజతం. ఆమె అత్యుత్తమ టైమ్ 12.78. పారిస్ ఒలింపిక్స్ నేరుగా అర్హత ప్రమాణం 12.77. సెకనులో నూరో వంతు తేడా. ఆమె ర్యాంకింగ్ ద్వారా 2024 పారిస్ వెళ్ళారు.

ఒలింపిక్స్ స్థాయి అథ్లెట్‌కే గాలి, నూరో వంతు సెకను అడ్డుపడతాయి. మన పన్నెండేళ్ళ పిల్లల టైమ్‌ను అంత కచ్చితమైన తీర్పుగా తీసుకోవద్దు. పైగా ఫోన్‌లో మనం నొక్కే టైమ్ ఎలక్ట్రానిక్ టైమ్ కాదు. 100, 200 మీటర్లలో చేతి గడియారం టైమ్‌ను ఎలక్ట్రానిక్ టైమ్‌తో పోల్చేటప్పుడు 0.24 సెకను కలుపుతారు. "ఇంట్లో 12.5 వచ్చింది, మీట్‌లో 12.7 వచ్చింది, ఏమైంది?" అని బిడ్డను నిలదీసే ముందు ఈ లెక్క గుర్తుంచుకోండి. ఆ రెండూ ఇంచుమించు ఒకటే.

మీట్ రోజు

ఒరిజినల్ జనన ధ్రువీకరణ పత్రం, ఆధార్, బోనఫైడ్ ముందురోజే ఫైల్‌లో పెట్టండి. ఈవెంట్ పేరు పిలిచాక కాల్ రూమ్‌కు పిల్లలు ఒక్కరే వెళ్తారు, తల్లిదండ్రులకు అక్కడ ప్రవేశం లేదు. పేరు పిలిచినప్పుడు లేకపోతే పోటీ పోయినట్టే, కాబట్టి ఆ సమయంలో టిఫిన్ కోసం బయటకు తీసుకెళ్ళకండి. స్టార్టర్ తుపాకీ మోగకముందే కదిలితే మొదటి తప్పుకే అనర్హత పడవచ్చు. అలా జరిగితే బిడ్డ ఏడుస్తుంది. పక్కన కూర్చోండి, నీళ్ళివ్వండి. అధికారులతో వాదన మీ పని కాదు, ఫిర్యాదు చేయాల్సి ఉంటే కోచ్ చేస్తారు.

చప్పట్లు అందరికీ కొట్టండి. చివరగా వచ్చిన బిడ్డకు కూడా అమ్మానాన్న గ్యాలరీలోనే ఉంటారు.

రెండు అడ్డదారులు

మొదటిది వయసు. పుట్టిన తేదీ ఏడాదో రెండేళ్ళో వెనక్కి జరిపిస్తే చిన్న గ్రూపులో గెలవవచ్చనే ఆలోచన కొందరికి వస్తుంది. జాతీయ స్థాయిలో వైద్య పరీక్షలు ఉంటాయి. ఎడమ మణికట్టు ఎక్స్‌రేతో ఎముకల వయసును అంచనా వేస్తారు. వయసు మోసాలను అరికట్టేందుకు కేంద్ర ప్రభుత్వం 2010లోనే నియమావళి తెచ్చింది. దొరికితే నిషేధం బిడ్డ మీద పడుతుంది, సంతకం పెట్టింది పెద్దవాళ్ళయినా సరే. దొరకకపోయినా, తనకంటే చిన్నవాళ్ళను ఓడించి తెచ్చిన మెడల్ నిజంగా తనది కాదని బిడ్డకు తెలుస్తూనే ఉంటుంది.

రెండోది సప్లిమెంట్లు. జిమ్‌లోనో, ఆన్‌లైన్‌లోనో కొన్న పొడుల్లో లేబుల్ మీద లేని పదార్థాలు కలిసి ఉండవచ్చు. డోపింగ్ నియమాల ప్రకారం శరీరంలో నిషేధిత పదార్థం దొరికితే మొదటి బాధ్యత అథ్లెట్‌దే. "మా నాన్న ఇచ్చారు" అంటే కేసు ఆగదు. జలుబు, ఆస్తమా మందుల్లోనూ నిషేధిత పదార్థాలు ఉండే వీలుంది. పై స్థాయి పోటీలకు వెళ్ళే పిల్లలుంటే మందు వాడే ముందు డాక్టర్‌కు ఆ విషయం చెప్పండి. జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ నాడా తెచ్చిన నో యువర్ మెడిసిన్ యాప్‌లో మందు పేరు చూసుకోండి.

భద్రత గురించి మొహమాటం వద్దు

కోచ్‌ను గౌరవించడం వేరు, గుడ్డిగా నమ్మడం వేరు. ఏ కోచ్ అయినా, మా సిబ్బంది అయినా సరే, బిడ్డను ఒంటరిగా గదిలోకి పిలవకూడదు, ఒంటరిగా బండి మీద తీసుకెళ్ళకూడదు, రాత్రిళ్ళు విడిగా మెసేజ్‌లు పెట్టకూడదు. మెసేజ్‌లు తల్లిదండ్రులు ఉన్న గ్రూపులోనే ఉండాలి. బయటి ఊళ్ళలో మీట్‌లకు ఆడపిల్లలు వెళ్ళేటప్పుడు వెంట మహిళా ఉపాధ్యాయిని ఉన్నారో లేదో అడగండి. కొట్టడం, బూతులు తిట్టడం శిక్షణ కాదు. అనుమానం వస్తే వెంటనే ప్రిన్సిపల్ గారికి చెప్పండి. చైల్డ్‌లైన్ నంబరు 1098. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు తెలియజేయకపోవడం 2012 పోక్సో చట్టం ప్రకారం నేరం. "స్కూల్ పరువు", "బిడ్డ పేరు" అని ఎవరు చెప్పినా ఆగకండి, చెప్పేది మేమైనా సరే.

చదువా, ఆటా?

ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో ఫౌండేషన్ క్లాసులు మొదలవగానే గ్రౌండ్ ఖాళీ అవుతుంది. ఆ నిర్ణయం మీ కుటుంబానిది. ఒక్కటే కోరుతున్నాం. బిడ్డతో మాట్లాడకుండా ఒక సోమవారం నుంచి హఠాత్తుగా మాన్పించవద్దు. అలాగే స్పోర్ట్స్ కోటా సీటు వస్తుందన్న ఒక్క ఆశతో ఇష్టం లేని బిడ్డను ట్రాక్ మీదకు తోయవద్దు. ఆపాలన్నా, కొనసాగాలన్నా ఆ సీజన్ చివరి మీట్ వరకు ఆగి, ముగ్గురూ కూర్చుని మాట్లాడుకోండి. పరీక్షల నెలలో ప్రాక్టీసు తగ్గించమని అడిగితే కోచ్ తగ్గిస్తారు. పూర్తిగా మానడం, పూర్తిగా చేయడం మధ్య చాలా దారి ఉంది.

ఈ వారం ఇంట్లో చేయండి

భోజనాల దగ్గర బిడ్డను మూడు ప్రశ్నలు అడగండి. "ఈ సీజన్‌లో నువ్వు ఏం సాధించాలనుకుంటున్నావు?" "మేం గ్రౌండ్‌కు వచ్చినప్పుడు మేం చేసేవాటిలో నీకు నచ్చనిది ఏమిటి?" "రేస్ అయిపోగానే నీతో మాట్లాడాలా, కాసేపు వదిలేయాలా?" జవాబులు మీకు నచ్చకపోయినా మధ్యలో అడ్డుపడకుండా వినండి. వాటిని ఒక కాగితం మీద రాసి, మీరిద్దరూ, బిడ్డా సంతకం పెట్టి పంపితే కోచ్ కూడా సంతకం పెడతారు. సీజన్ చివర ఆ కాగితం తీసి చూసుకుందాం.

మొదట చెప్పిన పాప సంగతి. ఆ రోజు సాయంత్రం కోచ్ మేడమ్ వాళ్ళ నాన్నగారితో పది నిమిషాలు మాట్లాడారు, అర సెకను అంటే ఆ వయసులో ఎంత పెద్ద మెరుగుదలో చెప్పారు. ఆయన తల వంచుకుని విన్నారు. తర్వాతి మీట్‌లో పాప ఐదో స్థానంలో వచ్చింది. ఈసారి ఆయన అడిగింది, "టైమ్ ఎంత వచ్చింది నాన్నా?" అని మాత్రమే. పాప చెప్పింది. ఇద్దరూ కలిసి చెరుకు రసం తాగి ఇంటికి వెళ్ళారు. పాప ఈ ఏడాది కూడా ప్రాక్టీసుకు వస్తోంది.

మీ
వ్యాయామ విద్యా విభాగం